ఎండిన నేల, యమునా తీరం

1952వ సంవత్సరం. మద్రాసు నగరంలో ఒక యువతి తొలిసారిగా వేదిక ఎక్కి భరతనాట్యం చేస్తున్నది. ఆమె వయస్సు 24 ఏళ్లు మించదు. పక్కన గురువు కాంచీపురం ఎల్లప్ప పిళ్లై ‘మధురానగరిలో’ అనే తెలుగు పాటను ఆలపిస్తున్నారు. నర్తకి చేతుల్లో యమునానది ప్రవహిస్తున్నది. సఖులు నీళ్లలో దిగి జలకాలాడుతున్నారు. ఒకరిపై ఒకరు నీళ్లు చల్లుకుంటున్నారు. వేదికమీద ఎటు చూసినా నీరే. ఆనాటి ప్రదర్శన ద్వారా వచ్చే సొమ్ము మాత్రం రాయలసీమ కరవు సహాయ నిధికి చేరవలసి ఉన్నది.

అభినయం మధ్యలో ఆ యువతి మనస్సు ఒక్కసారిగా స్తంభించిపోయింది. పత్రికల్లో తాను చూసిన ఛాయాచిత్రాలు కళ్లముందు కదలాడాయి. నెర్రెలిచ్చిన నేల, చిన్న చిన్న డబ్బాలు చేతబట్టుకుని నీటికోసం బారులు తీరి నిలబడిన మనుషులు. ఎవరి దాహం తీర్చడానికి తాను నర్తిస్తున్నదో వారికి లేని నీటినే తాను వేదికమీద ధారాళంగా ఒలకబోస్తున్నది! క్షణకాలం తాను ఇద్దరు వ్యక్తులుగా చీలిపోయినట్టు అనిపించిందని ఆమె తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు.

ఆమె పేరు చంద్రలేఖ. ఆధునిక భారతీయ నృత్యం గురించి ఎవరు మాట్లాడినా తప్పక తలచుకునే పేరు. 2006 డిసెంబరు 30న చెన్నైలో ఆమె కన్నుమూశారు. ఒక కళాకారిణి ఒక ఊరిలో స్థిరపడి, అక్కడి నృత్యరంగంతో అర్ధశతాబ్దానికి పైగా పెనుగులాడి, ఆ రంగం స్వరూపాన్నే కొంత మార్చి వెళ్లిన ఉదంతం మన దేశంలో అరుదు. ఆ పెనుగులాట మొదలైంది ఒక తెలుగు పాటతోనూ, తెలుగునాట వచ్చిన కరవుతోనూ కాబట్టి, ఆ కథను మన పాఠకులు తెలుసుకోవలసిన అవసరం మరింత ఉన్నది.

ఊరు, గురువు, పాట

చంద్రలేఖ మద్రాసులో పుట్టిన మనిషి కారు. 1928 డిసెంబరు 6న మహారాష్ట్రలోని వాడాలో, గుజరాతీ కుటుంబంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. బొంబాయిలో న్యాయశాస్త్రం చదువుతూ మధ్యలో మాని, నాట్యం నేర్చుకోవడానికి దక్షిణాదికి వచ్చారు. ఆమెకు పెద్దదిక్కుగా నిలిచిన వ్యక్తి కవి, నటుడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. హైదరాబాదులో పుట్టి పెరిగినవారు, సరోజినీ నాయుడు సోదరులు.

ఆనాటి మద్రాసు నాట్యరంగం ఒక పెద్ద మార్పు నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్నది. చంద్రలేఖ పుట్టిన సంవత్సరమే అక్కడ మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. 1936లో రుక్మిణీదేవి అరండేల్ కళాక్షేత్రాన్ని స్థాపించారు. దేవాలయాలకు బాలికలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రం చట్టం చేసింది. ఒకప్పుడు దేవదాసీల ఆస్తిగా ఉన్న ఆట, పేరు మార్చుకుని, భరతనాట్యమై, మధ్యతరగతి కన్యల చేతికి వచ్చింది. పాత కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన నట్టువనార్లు కొత్త ఇళ్లకు వెళ్లి కొత్త శిష్యురాళ్లకు నేర్పసాగారు. మహానర్తకి బాలసరస్వతి బృందంలో పనిచేసిన ఎల్లప్ప పిళ్లై అట్టి గురువుల్లో ఒకరు.

ఈ ఆట తమిళదేశంలో పెరిగినా పాటల్లో తెలుగు పాలు ఎక్కువ. క్షేత్రయ్య పదాలు, జావళులు, వర్ణాలు అనేకం తెలుగులోనే ఉన్నవి. ‘మధురానగరిలో’ అన్న పాటలో చల్ల అమ్మబోయే గొల్లభామ, దారికి అడ్డుపడే కృష్ణుడు ఉంటారు. ఆనందభైరవి రాగంలో పాడుకునే ఈ పాట తెలుగు ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాటలోని ఒక్కొక్క మాటను పట్టుకుని నర్తకి తన ఊహతో పెంచుకుంటూ పోవడం అభినయ సంప్రదాయం. కనుక చల్లకుండ దగ్గర మొదలైన ఆట యమునదాకా వెళ్లడం సహజమే.

ఇక రాయలసీమ. ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. 1952లో రాయలసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలోని భాగమే. అంటే ఆ కరవు చంద్రలేఖ నర్తిస్తున్న నగరం పాలన కింద ఉన్న జిల్లాలలోని కరవు. జనం గంజికేంద్రాల ముందు నిలబడవలసి వచ్చిన రోజులవి. రాష్ట్రం ఒకటే అయినా రాజధానిలోని సభాభవనానికీ అనంతపురం బీడుభూములకూ మధ్య దూరం ఎంతో ఆ సాయంత్రం ఆమెకు తెలిసివచ్చింది.

మాట చెప్పగలదు, అడుగు చెప్పగలదా?

కరవును గురించి కవి చెప్పదలచుకుంటే సూటిగా చెప్పగలడు. పెన్నానది ఒడ్డున రైతు పడే పాట్లను విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో చెప్పారు. కవికి ‘ఎండ’ అనే మాట ఉన్నది, ‘ఆకలి’ అనే మాట ఉన్నది. నర్తకికి ఉన్నవి చేతులు, కాళ్లు, కళ్లు, తరతరాలుగా కూడబెట్టిన ముద్రలు. ఆ ముద్రలలో పద్మం ఉన్నది, నెమలి ఉన్నది, వేణువు ఉన్నది. నీటి డబ్బా పట్టుకున్న మనిషికి అందులో చోటు ఏదీ?

ఈ చిక్కుకు సులభమైన పరిష్కారం ఒకటి ఉన్నది. కృష్ణుణ్ణి తీసివేసి, ఆ స్థానంలో రైతును నిలబెట్టడం. యమునకు బదులు ఎండిన చెరువు. విరహానికి బదులు ఆకలి. పాతముద్రలతోనే కొత్త కథ చెప్పడం. మన దేశంలో ఇట్టి నృత్యరూపకాలు లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. వరకట్నం మీద, పరిసరాల శుభ్రత మీద, కుటుంబ నియంత్రణ మీద కూడా నృత్యాలు వచ్చాయి. వాటి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. వాటిలో నూటికి తొంభైపాళ్లు మనసుకు ఎందుకు హత్తుకోవన్నదే ప్రశ్న.

అనువాదం చేసేవారికి దీనికి సమాధానం సులువుగా తోస్తుంది. ఒక భాషలోని పలుకుబడిని మాటకు మాటగా మరొక భాషలో పెడితే పదాలన్నీ వస్తాయి, ప్రాణం రాదు. కొత్త అనుభవం చెప్పాలంటే ఆ భాష తన లోపలి శక్తి ఏమిటో వెతుక్కోవాలి. అరువు తెచ్చుకున్న అర్థాన్ని పాత తొడుగులో దూర్చితే చాలదు. దరహాసానికీ శృంగారానికీ తీర్చిదిద్దిన ముఖకవళికలతో దుర్భిక్షాన్ని అభినయిస్తే, ప్రేక్షకుడికి కనిపించేది అందంగా అలంకరించుకున్న దుర్భిక్షం మాత్రమే.

చంద్రలేఖ ఆ సులభమార్గాన్ని పట్టలేదు. కరవు గురించిన నృత్యం ఆమె చేయలేదు. అలాగని ఆ సాయంత్రాన్ని మరచిపోనూ లేదు. కళకూ బతుకుకూ మధ్య తాను చూసిన చీలికను దాచుకుని, దానికి నాట్యం లోపల నుంచి జవాబు దొరికేదాకా ఎదురుచూశారు. జవాబు అనదగిన కృతి రావడానికి 33 ఏళ్లు పట్టింది.

వేదిక దిగిన కాలం

ఆ మధ్యకాలంలో ఆమె ఊరికే కూర్చోలేదు. 1950లలో నర్తకిగా మంచి పేరు తెచ్చుకున్నారు. తరువాత క్రమంగా వేదికకు దూరమయ్యారు. సభల్లో ఆడంబరం పెరగడం, నగలూ పట్టుచీరలూ ఆటను కప్పివేయడం, నర్తకి ఒక అలంకారవస్తువుగా మారిపోవడం ఆమెకు రుచించలేదు. కవిత్వం రాశారు. బొమ్మలు గీశారు. గోడపత్రికలు రూపొందించారు. మహిళా ఉద్యమంలోనూ మానవహక్కుల ఉద్యమంలోనూ పనిచేశారు.

చెన్నైలో బెసెంట్‌నగర్ సముద్రతీరంలో, ఇలియట్స్ బీచ్ ఎదుట, చెట్లనీడన ఆమె ఇల్లు ఉండేది. అక్కడికి కొద్ది దూరంలోనే తిరువాన్మియూరులో కళాక్షేత్రం. సంప్రదాయానికి కంచుకోట అనదగిన సంస్థకు పొరుగునే, ఆ సంప్రదాయాన్ని నిలదీసే ఇల్లొకటి వెలసింది. చిత్రకారుడు, డిజైనర్ దశరథ్ పటేల్, పత్రికా రచయిత సదానంద మీనన్ ఆమెకు జీవితకాల సహచరులు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు తొలినాళ్లలో రూపురేఖలు దిద్దినవారిలో దశరథ్ పటేల్ ఒకరు. సదానంద మీనన్ తరువాత ఆమె నృత్యాలకు దీపాల ఏర్పాటు చేసేవారు.

ఈ ముగ్గురూ కలిసి ‘స్కిల్స్’ అనే కేంద్రాన్ని నడిపారు. పేరుకు తగ్గట్టే అక్కడ నైపుణ్యాలు నేర్పేవారు. తక్కువ ఖర్చుతో గోడపత్రిక ఎలా అచ్చు వేసుకోవాలి, తెరమీద రంగు ఎలా ఒత్తాలి, నలుగురికీ అర్థమయ్యేలా ఒక విషయాన్ని బొమ్మగా ఎలా గీయాలి అన్నవి అక్కడి పాఠాలు. మహిళా సంఘాలవారు, యువకులు, కార్యకర్తలు వచ్చి నేర్చుకుని పోయేవారు. ఈ కార్యకలాపాలు ప్రభుత్వం కళ్లలో పడ్డాయి. 1982లో చంద్రలేఖ మీద, సదానంద మీనన్ మీద రాజద్రోహ నేరం మోపారు. దేశమంతటా కళాకారులూ రచయితలూ నిరసించారు. చివరకు ఆ కేసు నిలవలేదు.

నర్తకి జీవితచరిత్రలో ఈ ఘట్టాన్ని పక్కదారిగా భావించేవారున్నారు. నిజానికి ఆమె తరువాతి నృత్యం అర్థం కావాలంటే ఈ కాలాన్ని చూడాలి. గోడపత్రికకు సోకులు పనికిరావు. ఒక గీత, ఒక రంగు, ఒక మాట చాలు. దారినపోయేవాడు నిలబడి చూడాలి. అనవసరమైనదాన్నంతటినీ తీసివేసే ఆ అలవాటే ఆమె వెంట మళ్లీ వేదికమీదికి వచ్చింది.

దేహమే విషయం

1984 జనవరిలో బొంబాయిలోని జాతీయ ప్రదర్శన కళాకేంద్రంలో ప్రాచ్య పాశ్చాత్య నృత్య సమ్మేళనం జరిగింది. మాక్స్ ముల్లర్ భవన్‌కు చెందిన గియోర్గ్ లెష్నర్ దాని వెనుక ఉన్న వ్యక్తి. మన దేశపు నర్తకులతోబాటు జర్మనీ నుంచి సుసాన్ లింకే వంటి ఆధునిక నర్తకులు వచ్చారు. చంద్రలేఖ చాలా ఏళ్ల తరువాత అక్కడ తన పనిని ప్రదర్శించారు. చూసినవారు విస్తుపోయారు. దేవతామూర్తి లేదు, కథ లేదు, నగల ధగధగలు లేవు. వేదికమీద ఉన్నవి దేహాలు, వాటి గీతలు.

మరుసటి ఏడాది, 1985లో, ‘ఆంగిక’ వచ్చింది. మన అలంకారికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా విభజించారు. ఆంగికం అంటే దేహంతో చెప్పేది. ఆ పేరు పెట్టడంలోనే ఆమె ఉద్దేశం ఉన్నది. మాట, అలంకారం తరువాతి సంగతి. ముందు దేహమే మాట్లాడాలి అన్నారామె. భరతనాట్యం ఎరిగిన స్త్రీలతోపాటు కేరళలోని కలరిపయట్టు అనే యుద్ధవిద్యను అభ్యసించిన పురుషులను వేదికమీదికి తెచ్చారు. యోగాసనాలనూ కలిపారు.

ఈ మూడింటినీ కలపడం అతుకులబొంత కాదా అని అడగవచ్చు. ఆమె సమాధానం అరమండిలో ఉన్నది. పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా నిలిపే ఆ భంగిమ భరతనాట్యానికి పునాది. కూచిపూడి నేర్చుకునే మన పిల్లలకూ మొదటిపాఠం అదే. కలరిలో యోధుడు దెబ్బకు సిద్ధపడి నిలిచేది కూడా మోకాళ్లు వంచి, నేలకు దగ్గరై. యోగి ఆసనంలోనూ వెన్నెముకే ఆధారం. రైతు నాటువేసినా, కుమ్మరి సారె తిప్పినా వంగవలసింది ఆ మోకాళ్లే, ఆ నడుమే. నాట్యం, యుద్ధం, శ్రమ, ధ్యానం ఒకే దేహపు వేర్వేరు పనులని ‘ఆంగిక’ చూపింది. కాలగమనంలో నాట్యాన్ని మిగిలిన మూడింటినుంచీ విడదీసి, నగలు తొడిగి, సభలో కూర్చోబెట్టామని ఆమె ఫిర్యాదు.

‘ఆంగిక’లో పురుషుణ్ణి వాహనంగా చేసుకుని స్త్రీ అధిరోహించే ఘట్టం ఒకటి ఉన్నది. దానిని ‘నరవాహన’ అన్నారు. సింహాన్ని, మహిషాన్ని అణచిన దేవిని గుళ్లలో పూజించే మనకు, ఒక మామూలు స్త్రీ మామూలు పురుషుడి మీద నిలిచి సాగడం చూస్తే ఎందుకు కలవరం కలగాలి? ప్రేక్షకులు ఈ ప్రశ్నతోనే ఇంటికి వెళ్లవలసి వచ్చేది.

ఇక్కడ 1952 నాటి చిక్కుకు జవాబు కనిపిస్తుంది. కరవు బాధితుడికి ముద్రల్లో చోటు లేదన్నది ఆనాటి సమస్య. ముద్రలకంటె ముందున్న దేహం దగ్గరికి వెనక్కు వెళితే అక్కడ బరువు మోసే మనిషి, వంగి పనిచేసే మనిషి, నిలబడి ఎదిరించే మనిషి అందరూ ఉన్నారు. వారి కథను చెప్పనక్కరలేకుండానే వారి ఒళ్లు తెలిసిన నృత్యాన్ని చేయవచ్చు.

లెక్క, వెన్నెముక, నిదానం

1989లో ‘లీలావతి’ చేశారు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథంలో లీలావతి అనే బాలికను ఉద్దేశించి లెక్కలు వేస్తాడు. ఆమె అతని కూతురని ఐతిహ్యం. తామరపూలమీద వాలిన తుమ్మెదలెన్ని? తెగిన హారంలో ముత్యాలెన్ని? లెక్కలే కవిత్వం. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో పాడుకున్న జాతికి ఈ రుచి తెలిసిందే. జతుల గుణింతమూ లెక్కే కాబట్టి, ఆ ప్రశ్నలు నర్తకి కాళ్లలోకి చక్కగా ఒదిగాయి. చంద్రలేఖ నృత్యాలన్నిటిలోనూ ఇది ఆహ్లాదకరమైనదని పేరుపడింది. ఆమెకు నవ్వడం తెలియదన్నవారికి ఇదే జవాబు.

1991లో ‘శ్రీ’ వచ్చింది. ఇందులో విషయం స్త్రీ వెన్నెముక. నడుము విరిగినట్టు వంగిపోయి, తల ఎత్తలేక, స్త్రీలు వరుసగా వేదికమీద కదులుతారు. ముఖంలో ఏ భావమూ ఉండదు. పాట సాహిత్యం వివరించదు. కట్టెలమోపు మోసుకొచ్చే స్త్రీని, పొయ్యిముందు కూర్చుని కూర్చుని వంగిపోయిన ముసలితల్లిని చూచిన ఏ ప్రేక్షకుడికైనా మరి వ్యాఖ్యానం అవసరం లేదు. ఆ వెన్నెముక తిరిగి నిటారు కావడానికి పట్టే కాలమే ఆ నృత్యం.

‘ప్రాణ’ (1990), ‘యంత్ర’ (1994), ‘మహాకాల్’ (1995), ‘రాగ’ (1998), ‘శ్లోక’ (1999) మధ్యలో వచ్చిన కృతులు. 2001లో వచ్చిన ‘శరీర’ చివరిది. గుందేచా సోదరుల ధ్రుపద గానం నేపథ్యంలో ఒక స్త్రీ, ఒక పురుషుడు ఎంతో నిదానంగా కదులుతారు. పురుషుడు షాజీ కె. జాన్ కలరిపయట్టు అభ్యసించినవాడు. స్త్రీ తిషానీ దోషీ. ఆంగ్లంలో రాసే కవయిత్రి. శాస్త్రీయ నాట్యశిక్షణ లేని మనిషిని చేరదీసి, తన జీవితపు ఆఖరి కృతికి ఆధారం చేసుకోవడం చంద్రలేఖకే చెల్లింది. పదేళ్లు అడుగులు నేర్చినవారే నర్తకులన్న నియమాన్ని ఆమె ఇంటి గుమ్మం దగ్గరే ఆపివేశారు.

ఆక్షేపణలు లేవా?

ఉన్నాయి, అన్నీ తోసిపుచ్చదగినవి కావు.

సంప్రదాయవాదులు ఇది భరతనాట్యమే కాదన్నారు. భక్తిని తీసివేస్తే మిగిలేది వ్యాయామమని కొందరు విమర్శించారు. శృంగారాన్ని ఇంత బాహాటంగా చూపడం తగదని మరికొందరు నొచ్చుకున్నారు. ఈ ఆక్షేపణలో ఒక చమత్కారం ఉన్నది. నాట్యంలోని శృంగారాన్ని నిస్సంకోచంగా సమర్థించిన మహానర్తకి బాలసరస్వతే. చంద్రలేఖ ఆమెను ఎంతో ఆరాధించారు. రుక్మిణీదేవి సాధించిన క్రమశిక్షణను కూడా గౌరవించారు. పరస్పర విరుద్ధాలనుకునే ఆ రెండు దారుల నుంచీ తనకు కావలసింది తీసుకున్న మనిషిని సంప్రదాయ ద్వేషి అనడం అన్యాయం.

రెండవ ఆక్షేపణ బరువైనది. కరవు బాధితుల దృశ్యంతో కదిలిపోయిన కళాకారిణి చివరకు చేసిన నృత్యాలను చూచినవారు ఎవరు? మహానగరాల్లోని విద్యావంతులు, విదేశాల్లోని నృత్యోత్సవాల ప్రేక్షకులు. అనంతపురం జిల్లాలోని పల్లెవాసి ‘శరీర’ చూసి ఉంటాడా? ఉండడు. చూస్తే ఓపికగా కూర్చునేవాడా? చెప్పలేము. ఆ నిదానం నగరవాసులకే కష్టంగా ఉండేది.

ఈ మాట నిజమే. కాని దీన్ని మరొక వైపునుంచి కూడా చూడాలి. ఆమె తన పనిని రెండుగా పంచుకున్నారు. జనంలోకి పోవలసిన మాటను గోడపత్రిక ద్వారా పంపారు. అందుకు రాజద్రోహం కేసు కూడా ఎదుర్కొన్నారు. నాట్యానికి మాత్రం గోడపత్రిక చేయవలసిన పనిని అప్పగించలేదు. ఏ పరికరం ఏ పనికి తగినదో తెలిసిన మంచి పనివారు చేసేది ఇదే. సుత్తితో కుట్టుపని చేయబోతే బట్ట చినుగుతుంది. కళ సమాజానికి ఉపయోగపడాలన్న మాటను మనం తరచుగా వాడతాము. ఏ కళ, ఏ ఉపయోగం అని విడమరచి అడిగేవారు తక్కువ.

ఊరికి మిగిలినది

గొప్ప కళాకారిణి పోయాక ఆమె కృతులు ఏమవుతాయి? కవి పోతే పుస్తకం ఉంటుంది, శిల్పి పోతే శిల్పం ఉంటుంది. నర్తకి పోతే మిగిలేది ఇతరుల ఒళ్లలో నాటుకున్న అభ్యాసం. ఆ దృష్టితో చూస్తే చంద్రలేఖ చెన్నైకి ఇచ్చివెళ్లింది తక్కువ కాదు.

1991 నుంచి 2001 దాకా ఆమె బృందంలో నర్తించిన పద్మినీ చెట్టూర్ రసాయనశాస్త్రం చదివిన వ్యక్తి. సొంత కృతులు చేయడం మొదలుపెట్టాక గురువును అనుకరించలేదు. కలరిని వదిలారు, దేవీ సంకేతాలను వదిలారు. దేహాన్ని కీలు కీలుగా విడదీసి పరిశీలించే, మరింత పొదుపైన పద్ధతిని ఎన్నుకున్నారు. ‘పేపర్‌డాల్’ (2005), ‘పుష్డ్’ (2006), ‘బ్యూటిఫుల్ థింగ్’ (2009) ఆ దారిలో వచ్చాయి. గురువు దగ్గర ఆమె నేర్చుకున్న అసలు విద్య ప్రశ్నించడం. దాన్ని మొదట గురువుమీదే ప్రయోగించారు. ఇంతకంటె మంచి శిష్యరికం ఏముంటుంది?

ప్రీతి ఆత్రేయ, సంగీతజ్ఞుడు మార్టెన్ విస్సర్, నాటక దర్శకుడు ప్రవీణ్ కన్ననూర్‌లతో కలిసి పద్మిని ‘బేస్‌మెంట్ 21’ అనే కూటమిని ఏర్పరచారు. నృత్యం, సంగీతం, నాటకం వేర్వేరు గదులని భావించకుండా ఒకరి పనిలో ఒకరు చేయి కలిపి, చిన్న స్థలాల్లో కొద్దిమంది ప్రేక్షకుల ముందు ప్రయోగాలు చేశారు. 2015లో ప్రీతి ఆత్రేయ రూపొందించిన ఒక కృతికి మూలాధారం గెంతడం. అవును, కేవలం గెంతడమే. పసివాడు మొదలు ప్రతి మనిషీ ఎరిగిన కదలిక అది. నాట్యానికి పునాది శాస్త్రగ్రంథంలోనే ఉండనక్కరలేదని, నిత్యజీవితంలోని దేహంలో కూడా ఉన్నదని ఈ తరం మరొకసారి నిరూపించింది.

సముద్రతీరంలోని ఆ ఇంటి ఆవరణ ‘స్పేసెస్’ పేరుతో కళాకారులకు స్థలమైంది. సాధన చేసుకునేవారు, చర్చలు జరిపేవారు, ప్రదర్శన ఇచ్చేవారు అక్కడికి వచ్చారు. చంద్రలేఖ మరణించిన తరువాత కూడా డిసెంబరు చివరలో ఆమె స్మృతిలో కార్యక్రమాలు జరుగుతూ వచ్చాయి. మార్గళి మాసంలో చెన్నై సభలన్నీ సంగీతంతో, పట్టుచీరల రెపరెపలతో మారుమోగేది కూడా ఆ రోజుల్లోనే. ఒకే నగరంలో, ఒకే నెలలో, నాట్యానికి రెండు అర్థాలు చెప్పే రెండు లోకాలు పక్కపక్కనే సాగాయి. ఒకటి మరొకదానికి శత్రువని భావించనక్కరలేదు. ఎదురు ప్రశ్న వేసే పొరుగువారు ఉన్న ఇల్లు శుభ్రంగా ఉంటుంది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. కళారంగం అన్నది భవనాలతో, బిరుదులతో ఏర్పడదు. ఒక మనిషి ఒక ఊరిలో నిలబడి, తన తలుపులు తెరిచి ఉంచి, బొమ్మలు వేసేవాణ్ణి, కవితలు రాసేదాన్ని, కర్రసాము చేసేవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి, ‘మనం చేస్తున్నది ఎందుకు చేస్తున్నాము?’ అని ఏళ్ల తరబడి అడుగుతూ ఉంటే ఏర్పడుతుంది. చెన్నైలో అది జరిగింది. మన తెలుగు పట్టణాల్లో కూచిపూడి నేర్పే ఇళ్లకు కొదవ లేదు. రంగప్రవేశాలకు అప్పులు చేసి మరీ ఖర్చు పెట్టే తల్లిదండ్రులకు కూడా కొదవ లేదు. పూలదండలు, శాలువలు, జ్ఞాపికలు, ఛాయాచిత్రాలతో వేదికలు నిండిపోతున్నవి. ఆ వేదికమీద ఉన్న పిల్లకు, పాట మధ్యలో ఒక సందేహం వస్తే, దాన్ని విప్పుకునేందుకు ఊరిలో ఒక చోటు ఉన్నదా?

సందేహం వచ్చిన పిల్లకు ఆట సరిగా రాదని మనం భయపడతాము. చంద్రలేఖ జీవితం చెప్పే సాక్ష్యం దానికి విరుద్ధంగా ఉన్నది. ఆమెకు పాఠం నేర్పిన గురువు ఒకరైతే, ఆ పాఠానికి అర్థం వెతుక్కునేలా చేసింది రాయలసీమ. ఆ సీమకు ఆనాటి ప్రదర్శన ఎంత సొమ్ము పంపిందో గాని, ఆ సీమ మాత్రం భారతీయ నృత్యానికి ఒక గొప్ప ప్రశ్నను దానంగా ఇచ్చింది. మన పిల్లల చేత అడుగులు వేయించే పెద్దలు, తాళం తప్పిందేమోనని చూసే కళ్లతోనే, వారి మనసులో ఏదైనా ప్రశ్న పుట్టిందేమోనని కూడా చూడటం మంచిది. తాళం తప్పితే గురువు దిద్దుతాడు. పుట్టిన ప్రశ్నను నొక్కివేస్తే దాన్ని మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు.